ఎయిర్‌బ్యాగ్ చరిత్ర: బెల్టు తోడుంటేనే రక్ష

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు కొత్త కారు కొనుక్కుని ఊరికి వచ్చాడు. గుడి ముందు పూజ అయింది, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడమూ అయింది. నన్ను ముందు సీటులో కూర్చోబెట్టి చెరువుగట్టు దాకా తిప్పి తెస్తానన్నాడు. నేను అలవాటు ప్రకారం బెల్టు లాగి పెట్టుకున్నాను. అతడు పెట్టుకోలేదు. అదేమని అడిగితే నవ్వి, "మామయ్యా, దీనికి ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. ఇంక బెల్టెందుకు?" అన్నాడు. వెనుక సీటులో ఉండవలసిన అతని నాలుగేళ్ల కూతురు అప్పటికే సీట్ల మధ్య నుంచి దూరి నా ఒడిలోకి చేరింది.

పాపను వెనక్కి, వాళ్ల అమ్మ పక్కకు పంపించాను. తరువాత స్టీరింగు నడుమ ఉన్న మూత మీద అచ్చువేసిన మూడు చిన్న అక్షరాలను అతనికి చూపించాను: ఎస్.ఆర్.ఎస్. వాటి అర్థం తెలుసునా అంటే తెలియదన్నాడు. 'సప్లిమెంటల్ రిస్ట్రెయింట్ సిస్టమ్' అనే మాటలకు అవి పొడి అక్షరాలు. తెలుగులో చెప్పుకుంటే అనుబంధ రక్షణ వ్యవస్థ. అనుబంధం అన్నప్పుడు ప్రధానమైనది మరొకటి ఉండాలి కదా. ఆ ప్రధానమైనది సీటు బెల్టు. ఆ మొదటి అక్షరంలోని హితవు లోకానికి ఒంటబట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారిలో ఎక్కువమంది పసిపిల్లలు. ఆ కథను వివరంగా చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు తాకిడులు

నేను ప్రభుత్వ వైద్యునిగా ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో అప్పటి ఐదవ నంబరు జాతీయ రహదారి పక్కనున్న ఒక ఆసుపత్రిలో పనిచేశాను. ఆ రోజులలో రోడ్ల మీద తిరిగే కార్లలో ఎయిర్‌బ్యాగుల మాట అటుంచి, బెల్టులు కూడా ఉండేవి కావు. అర్ధరాత్రి అత్యవసర విభాగానికి తెచ్చిన క్షతగాత్రుని చూడగానే అతడు కారులో ఎక్కడ కూర్చున్నాడో చెప్పగలిగేవాళ్లం. రొమ్ము ఎముక విరిగి, ఊపిరి అందక వచ్చినవాడు డ్రైవరు. అతని గుండెలకు స్టీరింగు తగిలి ఉంటుంది. ముఖం నిండా గాజుపెంకులతో వచ్చినవాడు అతని పక్కన కూర్చున్నవాడు. పైకి గీత కూడా లేకుండా నడిచివచ్చి, గంట తరువాత పొట్ట ఉబ్బి, నాడి అందకుండా పోయేవారినీ చూశాను. వారికి కాలేయమో, ప్లీహమో చిట్లి లోపల రక్తస్రావం జరుగుతూ ఉండేది.

ప్రతి ప్రమాదంలోనూ మూడు తాకిడులు ఉంటాయి. మొదటిది, కారు చెట్టునో లారీనో ఢీకొనడం. రెండవది, కారు ఆగినా ఆగని మనిషి అదే వేగంతో ముందుకు పోయి కారు లోపలి భాగాలను ఢీకొనడం. మూడవది, మనిషి ఆగిన తరువాత అతని మెదడు, గుండె, కాలేయం లోపలి గోడలకు కొట్టుకోవడం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయి గోడను గుద్దుకోవడం సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ పైనుంచి పడడంతో సమానం. మేడ మీద నుంచి పడేవాడు చేతులు అడ్డుపెట్టుకుని బతకగలడని మనం అనుకోము. కారులో మాత్రం స్టీరింగును గట్టిగా పట్టుకుంటే చాలునని అనుకుంటాము.

ఈ రెండవ, మూడవ తాకిడులను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో హ్యూ డిహేవెన్ మొదట స్మరించదగినవాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో టెక్సాస్‌లో శిక్షణ పొందుతుండగా ఆయన విమానం మరొక విమానంతో ఢీకొని కూలిపోయింది. ఆయన బతికాడు గాని పొట్టలోని అవయవాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. తన గాయాలకు కారణం కూలడం ఒక్కటే కాదనీ, నడుముకున్న బెల్టు బిళ్ల ఆకారం కూడా కారణమనీ ఆయన గ్రహించాడు. ప్రమాదం ఒక ఎత్తు, అందులో కలిగే గాయం వేరొక ఎత్తు. ప్రమాదాన్ని ఆపలేకపోయినా గాయాన్ని తగ్గించవచ్చు అన్న ఆలోచన అలా పుట్టింది. 1942 నుంచి ఆయన కార్నెల్ వైద్య కళాశాలలో, ఎత్తైన భవనాల మీద నుంచి పడి బతికినవారిని గూర్చి పరిశోధించాడు. మెత్తని నేల మీదనో, వంగే రేకు మీదనో పడినవారు బతికారు. శరీరం ఆగడానికి మరికాస్త సమయమూ, మరికాస్త దూరమూ దొరికితే ప్రాణం నిలుస్తుంది. బెల్టుకూ ఎయిర్‌బ్యాగుకూ కూడా మూలసూత్రం ఇదే.

తరువాతివాడు జాన్ పాల్ స్టాప్. ఈయన అమెరికా వైమానిక దళంలో వైద్యుడు. మనిషి శరీరం ఎంత నిరోధాన్ని తట్టుకోగలదో తెలుసుకోవడానికి తన శరీరాన్నే పణంగా పెట్టాడు. 1954 డిసెంబరు 10న రాకెట్లు బిగించిన బండి మీద గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకుని, సెకనున్నర లోపలే ఆగిపోయాడు. భూమ్యాకర్షణకు 46 రెట్లు మించిన బలం ఆయన శరీరం మీద పడింది. కళ్లలో రక్తనాళాలు చిట్లి కొంతసేపు చూపు పోయింది గాని, ఆయన బతికాడు. ఎందుకు బతికాడు? శరీరమంతటినీ పట్టీలతో సీటుకు బిగించి కట్టారు గనుక.

దారి తప్పిన ఒక ఆదివారం

ఇక ఎయిర్‌బ్యాగ్ పుట్టుకను చూద్దాం. 1952 వసంతకాలంలో ఒక ఆదివారం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జాన్ హెట్రిక్ అనే ఇంజనీరు భార్యతో, ఏడేళ్ల కుమార్తెతో కలిసి షికారుకు బయలుదేరాడు. ముగ్గురూ ముందు సీటులోనే కూర్చున్నారు. దారిలో ఒక బండరాయి అడ్డువచ్చేసరికి ఆయన స్టీరింగు తిప్పి బ్రేకు వేశాడు; కారు పక్కనున్న గుంటలోకి దిగింది. ఆ క్షణంలో భార్యాభర్తలిద్దరూ తమకు తెలియకుండానే చేతులు చాచి, మధ్యనున్న బిడ్డ ముందుకు పడకుండా అడ్డుపెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తల్లిదండ్రుల చేతులు చేసిన ఆ పనిని ఏదైనా ఒక సాధనం చేయలేదా అన్న ప్రశ్న ఇంటికి తిరిగివస్తున్నంతసేపూ ఆయనను వదలలేదు.

హెట్రిక్‌కు నౌకాదళంలో పనిచేసిన నాటి సంగతి ఒకటి గుర్తుకువచ్చింది. ఒక టార్పెడోను మరమ్మతు చేస్తుండగా అందులోని సంపీడిత వాయువు ఒక్కసారిగా వెలువడి, పైన కప్పిన కాన్వాసు గుడ్డ కనురెప్పపాటులో ఉబ్బి పైకప్పు దాకా ఎగిరింది. ఆ జ్ఞాపకం ఆధారంగా ఆయన బొమ్మలు గీసి 1952 ఆగస్టులో దరఖాస్తు చేసి, 1953 ఆగస్టులో పేటెంటు పొందాడు. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో వాల్టర్ లిండరర్ అనే వ్యక్తి కూడా ఇటువంటి సాధనానికే పేటెంటు పొందాడు. హెట్రిక్ కార్ల సంస్థలకు ఉత్తరాలు రాశాడు గాని ఎవరూ ఆసక్తి చూపలేదు. ఎయిర్‌బ్యాగులు విపణిలోకి రాకముందే ఆయన పేటెంటు గడువు తీరిపోయింది. ఆయనకు దాని నుంచి దక్కిన ధనం ఏమీ లేదు.

ఆసక్తి చూపకపోవడానికి సాంకేతిక కారణం కూడా ఉంది. ప్రమాదంలో మనిషి స్టీరింగును చేరేలోగా సంచి నిండాలి. అందుకు దొరికే వ్యవధి సెకనులో ఇరవయ్యో వంతు కూడా కాదు. సీసాలో బంధించిన గాలితో సంచి అంత త్వరగా నిండదు. పైగా, ఇది నిజంగా ప్రమాదమా, గుంతలో పడిన కుదుపా అని తేల్చి చెప్పేది ఒకటి కావాలి. ఈ రెండవ చిక్కును 1960ల చివర ఆలెన్ బ్రీడ్ అనే అమెరికా ఇంజనీరు విడదీశాడు. గొట్టంలో ఒక లోహపు గోళీ. మామూలుగా దానిని అయస్కాంతం పట్టి ఉంచుతుంది. కారు హఠాత్తుగా ఆగినప్పుడు గోళీ ముందుకు దొర్లి విద్యుత్తు వలయాన్ని పూర్తి చేస్తుంది. మొదటి చిక్కుకు పరిష్కారం రసాయనశాస్త్రం చూపింది.

సంచి విచ్చుకునే క్షణం

నేటి కార్లలో గోళీకి బదులు చిన్న ఎలక్ట్రానిక్ సెన్సారులున్నాయి. ఢీకొన్న 15 నుంచి 20 మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతులు ఓ ఇరవై గడిచేలోగా, కారులోని చిన్న కంప్యూటరు నిర్ణయం తీసుకుంటుంది. వెంటనే సన్నని విద్యుత్తు ప్రవాహం నిప్పు రాజేస్తుంది. ఘన రసాయనం భగ్గుమని వాయువుగా మారుతుంది. తొలితరం ఎయిర్‌బ్యాగులలో ఈ రసాయనం సోడియం ఎజైడ్. అది విడిపోయి నత్రజని వాయువును ఇస్తుంది. ఎజైడ్ విషపదార్థం కనుక తరువాతి కాలంలో గ్వానిడీన్ నైట్రేటు వంటివి దాని స్థానంలోకి వచ్చాయి. నైలాను సంచి మూతను చీల్చుకుని గంటకు 200 కిలోమీటర్లకు అటూఇటూ వేగంతో వెలుపలికి వస్తుంది. యాభై మిల్లీసెకన్ల లోపల పూర్తిగా విచ్చుకుంటుంది. మనిషి తల దానిని తాకే సమయానికి వెనుకనున్న రంధ్రాల గుండా వాయువు బయటికి పోతూ, సంచి మెత్తబడుతూ ఉంటుంది. ఇదంతా మనం ఒకసారి రెప్పవేసే కాలంలో ముగిసిపోతుంది.

ఇందులో కీలకమైన విషయం ఒకటుంది. నిండిన సంచి మెత్తని దిండు వంటిది. నిండుతున్న సంచి పిడిగుద్దు వంటిది. మూతకు ఐదారు అంగుళాలలోపు ముఖమో ఛాతీయో ఉంటే మనకు తగిలేది దిండు కాదు, గుద్దు. బెల్టు చేసే మేలు ఇక్కడే ఉంది. ప్రమాదం జరిగిన వెంటనే అది మనిషిని వెనక్కి పట్టి ఉంచి, సంచి నిండడానికి కావలసిన చోటునూ క్షణాన్నీ మిగులుస్తుంది. బెల్టు లేనివాడు సంచి ఇంకా విచ్చుకుంటూ ఉండగానే దాని మీదకు వెళ్లి పడతాడు.

బెల్టుకు బదులుగా వాడాలన్న పొరపాటు

నేడు మనం వాడే మూడు చోట్ల బిగిసే బెల్టును స్వీడన్‌లోని వోల్వో సంస్థలో నీల్స్ బోలిన్ 1959లో రూపొందించాడు. ఆ సంస్థ దానిని ఇతర తయారీదారులూ వాడుకోవడానికి వీలుగా విడిచిపెట్టింది. కానీ సాధనం ఉన్నంత మాత్రాన జనం వాడరు. 1980 ప్రాంతంలో కూడా అమెరికాలో నూటికి పదిహేనుమందైనా బెల్టు పెట్టుకునేవారు కారు. 1974 నాటి కార్లకు బెల్టు పెట్టుకోనిదే ఇంజను కదలని ఏర్పాటు చేయగా ప్రజలు మండిపడ్డారు. ఆ ఏడాదే అక్కడి పార్లమెంటు ఆ నిబంధనను రద్దు చేసింది.

ఆ దేశపు రహదారి భద్రతా సంస్థకు మొదటి అధిపతి విలియం హాడన్ అనే వైద్యుడు. మలేరియాను అరికట్టడానికి ప్రతి మనిషినీ బతిమాలడంకంటే దోమను నివారించడం మేలైనట్లే, రోడ్డు గాయాల విషయంలోనూ మనిషి చేయవలసిన పనేమీ లేకుండా తనంతట తాను కాపాడే సాధనం కావాలని ఆయన వాదించాడు. ప్రజారోగ్య దృష్టితో చూస్తే ఈ వాదంలో తప్పు లేదు. ఎయిర్‌బ్యాగ్ అటువంటి సాధనంగా కనబడింది. అయితే అక్కడి నుంచి ఆలోచన ఒక అడుగు పక్కకు జరిగింది: జనం ఎలాగూ బెల్టు పెట్టుకోరు, కనుక బెల్టు లేనివాడిని కూడా ఎయిర్‌బ్యాగ్ ఒక్కటే కాపాడాలి.

1973లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో అనే కారు ఎయిర్‌బ్యాగుతో ప్రజలకు అమ్మకానికి వచ్చింది. 1974 నుంచి 1976 వరకు జనరల్ మోటార్స్ ఇటువంటివి దాదాపు పదివేలు అమ్మి, గిరాకీ లేదని ఆపివేసింది. ప్రభుత్వం నిబంధన తెస్తుంది, తయారీదారులు వద్దంటారు, మరో ప్రభుత్వం రద్దు చేస్తుంది. 1981లో రద్దయిన నిబంధనను ఆ దేశపు సుప్రీంకోర్టు 1983లో తప్పుబట్టింది. అలా సాగి సాగి, 1991లో చేసిన చట్టం ప్రకారం 1998 నమూనా కార్లన్నిటికీ ముందు సీట్ల రెండింటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయ్యాయి.

ఐరోపాలో ఆలోచన మరో దారిన నడిచింది. 1980 చివర జర్మనీలో మెర్సిడెస్ సంస్థ తన పెద్ద కారులో ఎయిర్‌బ్యాగును ప్రవేశపెట్టినప్పుడు, ప్రమాద సమయంలో బెల్టును బిగించే సాధనాన్ని దానికి జోడించింది. ఎయిర్‌బ్యాగు బెల్టుకు అనుబంధం మాత్రమేనని ఆ ఏర్పాటులోనే ఉంది. మా మేనల్లుడికి చూపిన మొదటి అక్షరం అర్థం అదే.

ఎయిర్‌బ్యాగు మేలు చేయలేదని నేను అనడం లేదు. 1990 మార్చిలో అమెరికాలోని వర్జీనియాలో ఎయిర్‌బ్యాగులున్న రెండు కార్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. రెండింటిలోనూ సంచులు విచ్చుకున్నాయి. డ్రైవర్లిద్దరూ స్వల్ప గాయాలతో బయటపడ్డారు. అటువంటి సంఘటన అదే మొదటిదని చెబుతారు. ముందువైపు ఎయిర్‌బ్యాగుల వల్ల 2017 వరకు తమ దేశంలో 50 వేలకు పైగా ప్రాణాలు నిలిచాయని అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా.

పసివారు చెల్లించిన మూల్యం

అమెరికాలో నిబంధన ప్రకారం ఎయిర్‌బ్యాగును పరీక్షించడానికి కూర్చోబెట్టిన బొమ్మ సగటు మగవాడి కొలతలు గలది. దానికి బెల్టు పెట్టకుండా, గంటకు 48 కిలోమీటర్ల వేగంతో కారును గోడకు గుద్దించేవారు. సుమారు 78 కిలోల బరువుతో దూసుకువచ్చే ఆ శరీరాన్ని ఆపాలంటే సంచి మిక్కిలి బలంగా, మిక్కిలి వేగంగా విచ్చుకోవాలి. అలాగే తయారు చేశారు. పరీక్షలో నెగ్గింది. కానీ నిజమైన కార్లలో సగటు మగవారే కూర్చోరు. పొట్టిగా ఉండి స్టీరింగుకు దగ్గరగా జరిగి కూర్చునే స్త్రీలు, వృద్ధులు ఉంటారు. ముందు సీటులో నిలబడే పిల్లలు ఉంటారు. వెనుకకు తిరిగి ఉండే తొట్టిసీటులో పడుకున్న చంటిబిడ్డలుంటారు. అటువంటి సీటును ముందు పెడితే బిడ్డ తల సరిగ్గా సంచి మూతకు ఎదురుగా ఉంటుంది.

1990ల తొలి సగంలో విచిత్రమైన మరణాల వార్తలు రాసాగాయి. చిన్నపాటి తాకిడి; కారుకు సొట్ట మాత్రమే పడింది; పెద్దలకు ఏమీ కాలేదు; ముందు సీటులోని పసివాడు మాత్రం చనిపోయాడు. పుర్రె, మెడ వెన్నుపూసలు కలిసేచోట కీలు విడిపోయి, వెన్నుపాము దెబ్బతినడం ఇటువంటి మరణాలలో తరచుగా కనిపించింది. పిల్లల తల శరీరంతో పోలిస్తే పెద్దది, మెడ కండరాలు బలహీనం, కీళ్ల బంధాలు వదులు. గడ్డం కింద నుంచి సంచి పైకి నెట్టితే ఆ మెడ తట్టుకోలేదు. 1990 నుంచి 2000 వరకు ఎయిర్‌బ్యాగుల వల్ల సంభవించినవిగా అమెరికా సంస్థ గుర్తించిన మరణాలు 175. వాటిలో 104 పిల్లలవి. మృతులలో అత్యధికులు బెల్టు పెట్టుకోనివారు, లేదా సరిగా పెట్టుకోనివారు.

తరువాత దిద్దుబాటు మొదలయింది. హెచ్చరిక చీటీలు అంటించారు. 1997 నుంచి బలం తగ్గించిన సంచులను అనుమతించారు. పిల్లలను వెనుక సీటులో కూర్చోబెట్టమని విస్తృతంగా ప్రచారం చేశారు. 2000లో వచ్చిన కొత్త నిబంధన ప్రకారం ఏడాది, మూడేళ్లు, ఆరేళ్ల పిల్లల బొమ్మలతోనూ, చిన్న శరీరం గల స్త్రీ బొమ్మతోనూ పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. సీటులో ఉన్నవారి బరువును గమనించి సంచిని ఆపివేసే, లేక బలం తగ్గించే ఏర్పాట్లు వచ్చాయి. ఆ మరణాలు క్రమంగా అరుదైపోయాయి. ఏ మందైనా మోతాదు పెద్దవాడికి ఒకటి, పసివాడికి ఒకటి అని వైద్యవిద్యార్థికి మొదటి ఏడే చెబుతారు. ఆ పాఠం ఎయిర్‌బ్యాగుల విషయంలో నేర్చుకునేసరికి ఇన్ని ప్రాణాలు పోయాయి.

తేమ, వేడి, టకాటా

మరొక అధ్యాయం జపానుకు చెందిన టకాటా సంస్థది. ఈ సంస్థ 2000 ప్రాంతం నుంచి వాయువు పుట్టించడానికి అమ్మోనియం నైట్రేటును వాడింది. ఏళ్ల తరబడి తేమ, వేడి తగిలితే ఆ పదార్థం గుణం మారి, మండవలసినదానికంటే ఉధృతంగా మండుతుంది. అప్పుడు లోహపు డబ్బా పగిలి, కాపాడవలసిన సాధనం నుంచే ఇనుపముక్కలు మనిషి మెడలోకి, ముఖంలోకి దూసుకువచ్చాయి. అమెరికాలోనే పాతికమందికి పైగా మరణించారు. అక్కడ సుమారు 6 కోట్ల 70 లక్షల పరికరాలను వెనక్కి పిలిపించవలసి వచ్చింది. ఆ సంస్థ 2017లో నేరం ఒప్పుకుని, అదే ఏడాది దివాలా తీసింది. మన దేశంలోనూ అనేక కార్లను ఇందుకోసం వెనక్కి పిలిచారు. కోస్తా జిల్లాల ఉక్కపోత ఎరిగిన మనకు ఈ కథ ప్రత్యేకంగా పట్టించుకోదగినది. పాత కారు వాడుతున్నవారు, సెకండ్ హ్యాండు కారు కొంటున్నవారు ఆ సంస్థ సర్వీసు కేంద్రంలో చాసిస్ నంబరు చెప్పి, ఎయిర్‌బ్యాగు మార్పిడి ఏదైనా మిగిలి ఉన్నదేమో తప్పక విచారించాలి.

మన దేశంలో

మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుంచి తప్పనిసరి అయింది. పక్క సీటుకు కూడా ఉండాలన్న నిబంధన 2021లో కొత్త నమూనాలతో మొదలయింది. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉండాలని 2022లో ముసాయిదా వచ్చింది గాని, దానిని తప్పనిసరి చేయబోమని 2023లో ప్రభుత్వం ప్రకటించింది. అదే ఏడాది కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు ఆరంభమయ్యాయి.

అంటే అమెరికా నలభై ఏళ్లలో నడిచిన దారిని మనం నాలుగైదేళ్లలో నడిచాము. సంచి వచ్చింది, బెల్టు అలవాటు మాత్రం రాలేదు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు ప్రమాదానికి గురైంది. వెనుక సీటులో ఉన్న ఆయన, మరొకరు మరణించారు; ముందున్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. వెనుకనున్నవారు బెల్టులు పెట్టుకోలేదని పోలీసులు తెలిపారు. ఇక 2024లో కేరళలోని మలప్పురం జిల్లాలో ముందు సీటులో తల్లి ఒడిలో ఉన్న రెండేళ్ల పాప, అదే ఏడాది డిసెంబరులో నవీ ముంబైలో ముందు సీటులో ఉన్న ఆరేళ్ల బాలుడు ఎయిర్‌బ్యాగు విచ్చుకున్న సంఘటనలలో మరణించారు. పాతికేళ్ల క్రితం అమెరికా నేర్చుకున్న పాఠం మన పసివారి మీద మళ్లీ మొదలు కావడం నన్ను ఎక్కువగా బాధించే విషయం. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

పాటించవలసిన జాగ్రత్తలు

పిల్లలను ముందు సీటులో కూర్చోబెట్టకండి. పన్నెండేళ్లు నిండేవరకు వెనుక సీటే వారి స్థానం. చంటిబిడ్డకు వెనుకకు తిరిగి ఉండే సీటును వెనుకనే అమర్చాలి. పనిచేసే ఎయిర్‌బ్యాగు ముందు దానిని ఎన్నడూ పెట్టరాదు. ఒడిలో బిడ్డ భద్రంగా ఉంటుందన్నది భ్రమ. గట్టి తాకిడిలో పదికిలోల బిడ్డ క్షణకాలం 300 కిలోల బరువుగా మారవచ్చు. ఏ తల్లి చేతులూ ఆ బరువును ఆపలేవు. 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టుతోనో, పిల్లల సీటుతోనో కట్టి ఉంచకపోతే మోటారు వాహనాల చట్టం ప్రకారం కూడా వెయ్యి రూపాయల జరిమానా ఉంది.

డ్రైవరు రొమ్ము ఎముకకూ స్టీరింగు నడిమి భాగానికీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు, అంటే పది అంగుళాల దూరం ఉండాలి. ఇంచుమించు జానెడు, పైన మరో రెండు మూడు వేళ్లు అనుకోండి. పొట్టివారు సీటును వెనక్కి జరిపి, ఎత్తు పెంచుకుని, వీపు ఆనే భాగాన్ని కొద్దిగా వాల్చుకోవాలి. స్టీరింగు ముఖం వైపు కాక ఛాతీ వైపు తిరిగి ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు అంకెలుండేచోట ఉంచాలి. చెయ్యి అడ్డంగా పెట్టి తిప్పేవారికి సంచి విచ్చుకుంటే ముంజేయి విరగవచ్చు. ఆ చెయ్యే వచ్చి ముఖానికి తగలవచ్చు.

గర్భిణులు బెల్టు మానరాదు. నడుము పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా, భుజం పట్టీ రొమ్ముల నడుమగా పోవాలి. సీటును వీలైనంత వెనక్కి జరుపుకోవాలి. నెలలు నిండుతున్నప్పుడు డ్రైవింగు మాని వెనుక సీటులో ప్రయాణించడం ఉత్తమం.

డాష్‌బోర్డు మీద మనం వినాయకుణ్ణో, వేంకటేశ్వరుణ్ణో ప్రతిష్ఠించుకుంటాము. భక్తి తప్పు కాదు, స్థలం తప్పు. పక్క సీటు ఎయిర్‌బ్యాగు మూత మీద అంటించిన లోహపు విగ్రహం, అత్తరు సీసా, ఫోను పెట్టుకునే బిగింపు ప్రమాద సమయంలో తూటాల వలె ఎగురుతాయి. స్వామివారి చిన్న పటాన్ని మూతకు దూరంగా పెట్టుకుంటే సరిపోతుంది. డాష్‌బోర్డు మీద కాళ్లు చాపి కూర్చోవడం మరీ ప్రమాదకరం. తొడ ఎముకలు, తుంటికీళ్లు చెదిరిపోతాయి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగులుండే కార్లకు వాటిని మూసివేసే సీటు కవర్లు తొడగరాదు. ముందు బంపరుకు బిగించే ఇనుప కడ్డీలు ప్రమాదపు తాకిడిని సెన్సారులకు సరిగా అందనివ్వవు. వాటిని కేంద్ర ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. బెల్టు హెచ్చరిక మోగకుండా గూటిలో దూర్చే నకిలీ బిళ్లల జోలికి అసలే పోకండి. పది రూపాయల ఆ బిళ్ల లక్షలు పోసి కొన్న రక్షణను వమ్ము చేస్తుంది.

కారు తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి కొద్ది క్షణాలలో ఆరిపోవాలి. ఆరకపోతే వ్యవస్థలో లోపం ఉన్నట్లే. ఒకసారి విచ్చుకున్న సంచి మళ్లీ పనికిరాదు. సంచినీ, దానితోపాటు బెల్టు బిగింపునూ మార్పించాలి.

సంచి విచ్చుకున్న తరువాత కారులో పొగ వంటి పొడి నిండి భయం వేస్తుంది. అది సాధారణంగా నిప్పు కాదు. వీలైతే తలుపు తీసి బయటి గాలిలోకి రావాలి. ఉబ్బసం ఉన్నవారు మరీ త్వరగా రావాలి. ఆ పొడికి క్షారగుణం ఉండవచ్చు గనుక కళ్లు మండితే నలపకుండా, శుభ్రమైన నీటి ధారతో పదిహేను నిమిషాలపాటు కడిగి కంటి వైద్యుణ్ణి చూడాలి. ముంజేతుల మీద, ముఖం మీద చర్మం కమిలినట్లు, గీసుకున్నట్లు ఉండడం, చెవుల్లో కొంతసేపు హోరు సాధారణం. కానీ ఛాతీనొప్పి, ఆయాసం, పొట్టనొప్పి, మెడనొప్పి, మగత ఉంటే పైకి బాగానే ఉన్నా 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి. నడిచివచ్చి గంటలో ప్రాణాపాయస్థితికి చేరినవారిని నేను చూశానని మొదటనే చెప్పాను కదా.

చివరగా

హెట్రిక్‌కు ఆలోచన వచ్చింది తన బిడ్డను కాపాడబోయిన చేతుల నుంచి. ఆ ఆలోచన సాధనమై కార్లలోకి వచ్చాక, సరిగా కూర్చోబెట్టకపోవడం వల్ల బిడ్డలే దానికి ముందుగా బలయ్యారు. తప్పు సంచిది కాదు. తోడుగా రావలసినదానిని ఒంటరిగా పంపినవారిది.

ఆ రోజు ఇంత చరిత్రా చెప్పడానికి చెరువుగట్టు దాకా దూరం చాలలేదు. సగం దారిలోనే మా మేనల్లుడు కారు పక్కకు ఆపి, మాట్లాడకుండా బెల్టు పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి, భార్య పక్కనున్న బెల్టును కూడా లాగి చూపించాడు. మర్నాడు పట్నం వెళ్లి పాపకు సరిపడే సీటు కొని వెనుక బిగించాడు. పాప మొదట ఏడ్చింది. రెండో రోజుకు అది తన సింహాసనమని, ఇంకెవరూ అందులో కూర్చోకూడదని శాసించింది.